తలగాయం తర్వాత సుగంధ తైలాలు: తోడెంత, మందెంత?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతుళ్ళము. అందులోనూ ఉర్దూ మీడియం వాళ్ళము. మా తెలుగులో అక్కడక్కడ ఉర్దూ తొంగి చూస్తే పెద్దమనసుతో మన్నించాలి. మేము డాక్టర్లము కాము, హకీములమూ కాము. మరి ఈ విషయం మీకెందుకు మాస్టర్ సాబ్ అని మీరు అడగవచ్చు. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన వాళ్ళను సంఘం తరఫున పలకరించి వచ్చే పని కొన్నేళ్ళుగా మాపై ఉన్నది. మోటార్ సైకిల్ మీద నుంచి పడ్డవారు, కట్టే ఇంటి మీద నుంచి జారినవారు, తలకు ఆపరేషన్ అయినవారు. ఎవరింటికి పోయినా మంచం పక్కన మాత్రల డబ్బా ఒకటి, దానికి తోడు చిన్న చిన్న నూనె సీసాలు నాలుగైదు కనబడుతున్నాయి. మాత్రల గురించి డాక్టరు చెప్పి పంపుతాడు. ఆ సీసాల గురించి చెప్పేవారే లేరు. కావున, చదివి, తెలిసిన వైద్యులను అడిగి మేము గ్రహించిన నాలుగు మాటలు మీ ముందుంచుతున్నాము.

మొదట అత్తరు సంగతి. అది మన ఇళ్ళకు కొత్తది కాదు. జుమా నాడు స్నానం చేసి అత్తరు రాసుకోవడం, పండగ నాడు చెవి మడతలో అత్తరు దూది పెట్టుకోవడం, పెళ్ళిలో వచ్చినవారి చేతి మీద అత్తరు రాయడం చిన్నప్పటి నుంచి చూసినవే. చార్మినార్ చుట్టుపక్కల, పత్తర్‌గట్టి దుకాణాలలో వరుసగా నిలిపిన అత్తరు సీసాల ముందు ఆగని వాడెవడు? ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ రాగి డేగ్‌లో పూలు, నీళ్ళు పోసి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి భప్కా అనే పాత్రలోకి చేరుతుంది. ఆ పాత్ర నీళ్ళ తొట్టిలో ఉంటుంది. అందులో ముందే పోసి ఉంచిన చందనపు నూనె పూల వాసనను పట్టుకొంటుంది. ఈ విద్య మన పెద్దలకు ఎంత పాతదంటే, తొమ్మిదవ శతాబ్దంలోనే బాగ్దాదు పండితుడు అల్ కిందీ అత్తరుల తయారీ మీద, బట్టీ పట్టడం మీద ఒక గ్రంథమే రాశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఇబ్నె సీనా (980-1037) గుండెకు సంబంధించిన మందుల మీద వేరే గ్రంథం రాసి, అందులో సుగంధ ద్రవ్యాలకు చోటిచ్చారు. యునానీ హకీములు ఇలాంటి వాటిని 'ముఫర్రిహ్' అంటారు. అంటే మనసుకు ఉల్లాసం కలిగించేది. అదే ఇబ్నె సీనా 'కానూన్' గ్రంథంలో విరిగిన ఎముకలకు నాలుగవ భాగంలో వేరే అధ్యాయాలు రాశారు. అనగా ఆ మహానుభావునికి ఉల్లాసం ఏదో, వైద్యం ఏదో తెలుసు. రెంటినీ వేరువేరు అరల్లో పెట్టారు. వెయ్యేళ్ళ తర్వాత మనం రెంటినీ ఒకే సీసాలో పోసి కలిపేస్తున్నాము. మా ప్రసంగమంతా ఈ ఒక్క మాటే అనుకోండి.

పశ్చిమ దేశాలలో ఈ నూనెల వైద్యానికి 'అరోమాథెరపీ' అనే పేరు పెట్టినది ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త రెనే మోరిస్ గాట్‌ఫోసే. ఆ పేరుతో ఆయన పుస్తకం 1937లో వెలువడింది. ఇప్పుడు అదే మాట అట్టపెట్టెల మీద అచ్చయి మన బజారుకు వచ్చింది. పేరు కొత్తది, సరుకు మన తాతలకు తెలిసినదే.

ఇక తలగాయం అంటే ఏమిటి? పుర్రె గట్టి డబ్బా, మెదడు అందులో జున్నుగడ్డ వంటిదనుకోండి. దెబ్బ తగిలినప్పుడు డబ్బా ఆగిపోతుంది, లోపలిది ఊగుతుంది. పైన కుట్లు మానినంత మాత్రాన లోపల మానినట్టు కాదు. మొదటి ఆరు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిగా ఏడాది, రెండేళ్ళు, ఇంకా పైన కూడా సాగుతుంది. ఈ లోపల మనిషికి నిద్ర పట్టదు, లేకుంటే పగలంతా నిద్రే. తొందరగా అలసట. వెలుతురు, చప్పుడు భరించలేడు. చిన్నమాటకు కోపం. నిన్నటి మాట ఇవాళ గుర్తుండదు. ఇదంతా గాయం చేసే పని. కొందరు దీన్ని ఆసేబ్ అని, నజర్ అని అనుకొని గది తలుపులు మూసి లోబాన్ పొగ వేస్తారు. దెబ్బ తిన్న మెదడుకు ఆ పొగ తలనొప్పినే పెంచుతుంది. దువా చేయండి, తప్పక చేయండి. కాని ఆ గదిలో గాలి ఆడనివ్వండి.

వాసనకు, మెదడుకు ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది. ముక్కు పైభాగంలో జల్లెడ వంటి పలుచని ఎముక ఉన్నది. దాని రంధ్రాల గుండా దారాల వంటి వాసన నరాలు పైకి మెదడులోకి పోతాయి. చూపు, వినికిడి కబుర్లు థాలమస్ అనే మజిలీలో ఆగి ముందుకు పోతాయి. వాసన మాత్రం ఆ మజిలీలో ఆగకుండానే జ్ఞాపకం, భయం, సంతోషం మసలే భాగాలకు చేరుతుంది. తల్లి దుపట్టా వాసనకు పసివాడు ఏడుపు మానడం, తొలకరి మట్టి వాసనకు ముసలివానికి చిన్ననాటి పొలం గుర్తుకు రావడం ఇందువల్లనే.

ఆ దగ్గర దారే ప్రమాదానికీ దగ్గర. దెబ్బకు మెదడు ఊగినప్పుడు జల్లెడ ఎముక దగ్గర ఆ సన్నని నరాలు తెగిపోవచ్చు. అప్పుడు వాసన పోతుంది, దానితో రుచీ పోతుంది. "కూరలో ఉప్పు తప్ప ఏమీ తెలియడం లేదు" అని విసుక్కుంటారు. ఇంట్లోవాళ్ళు అది మొండితనం అనుకుంటారు. ఇందులో ప్రాణాపాయం కూడా ఉంది. వంట గ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు. కారితే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటైన మందు కలుపుతారు. వాసన పోయినవారికి ఆ హెచ్చరిక అందదు. అటువంటి వారిని వంటింట్లో ఒంటరిగా వదలవద్దు. పాలు విరిగాయా, కూర పాచిపోయిందా అన్నది ఇంకొకరు చూసి చెప్పాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నూనెలు ఏమి చేయగలవు?

విరిగిన నరాన్ని అతికించే నూనె లోకంలో లేదు. పోయిన మాటను, పడిపోయిన చేతిని తెచ్చే అత్తరు లేదు. అలా చెప్పి అమ్మేవాడు ఎంత గడ్డం ఉన్నవాడైనా, ఎంత తెల్లకోటు వేసినవాడైనా నమ్మవద్దు.

చేయగలిగినవి చిన్నవి. చిన్నవైనా విలువైనవి. మొదటిది, మనసుకు నెమ్మది. రోగికి ఇష్టమైన వాసన, అది గులాబీ కానీ, వట్టివేరు కానీ, మల్లె కానీ, దూది మీద ఒక చుక్క వేసి కాసేపు దగ్గర ఉంచితే కొందరికి గుబులు తగ్గుతుంది, పడుకునే ముందు ఊపిరి నిదానిస్తుంది. రెండవది, రోజుకు ఒక క్రమం. జ్ఞాపకం చెదిరినవానికి పొద్దున ఒక వాసన, రాత్రి ఒక వాసన అలవాటు చేస్తే "ఇది లేచే వేళ, ఇది పడుకునే వేళ" అని గుర్తుకు సాయం. మా బడిలో గంట కొట్టినట్టే అనుకోండి. మూడవది, చేతి స్పర్శ. పలుచన చేసిన నూనెతో అరచేతులు, పాదాలు మెల్లగా రాస్తే ఆ సుఖంలో నూనె భాగమెంతో, రాసే భార్య చేతి భాగమెంతో ఎవరూ తూచలేరు. తూచవలసిన అవసరమూ లేదు.

నాలుగవది, వాసన పోయినవారికి వాసనల అభ్యాసం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ అనే ఆచార్యుడు, ఆయన తోటివారు 2009లో దీన్ని ప్రకటించారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి, ఈ నాలుగు వాసనలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, 12 వారాలపాటు చూడాలి. ఒక్కొక్కటి సుమారు 10 సెకండ్లు. ఊరికే పీల్చడం కాదు, "ఇది లవంగం, ఇలా ఉండేది" అని మనసులో తలచుకోవాలి. చేయనివారికంటే చేసినవారిలో కొందరికి వాసన మెరుగుపడింది. జలుబు వంటి జబ్బుతో వాసన పోయినవారితో పోలిస్తే తలదెబ్బతో పోయినవారికి ఫలితం తక్కువే. అయినా ఇంట్లో చేసుకోదగ్గది, ఖర్చు లేనిది. మేము ఎరిగిన ఒక తల్లి, మా పాత విద్యార్థి తల్లే, నెలల తరబడి ఇది చేసింది. ఒకనాడు బగారా అన్నం దించుతూ "లవంగం తెలుస్తున్నది" అన్నదట. గులాబీ ఇంకా తెలియదు. ఆ ఒక్క లవంగానికే ఆ ఇంట్లో ఆ రోజు పండగ.

ఇంతవరకు తోడు సంగతి. ఇక హాని సంగతి, ఇది శ్రద్ధగా వినాలి.

తలకు గట్టి గాయమైనవారిలో కొందరికి ఫిట్స్ వస్తాయి. వెంటనే రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. అందుకే డాక్టర్లు కొందరికి ఫిట్స్ మాత్రలు ఇచ్చి పంపుతారు. నీలగిరి తైలం, కర్పూరం, ఈ రెండూ ఫిట్స్‌ను రేపగలవు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నరాల వైద్యులు, దక్షిణాదిలోని ఇతర ఆసుపత్రుల వారితో కలిసి, పెద్దవారిలో ఇలా వచ్చిన ఫిట్స్ మీద చేసిన పరిశీలనను 2021లో ప్రచురించారు. తాగితేనే కాదు, తలకు రాసుకున్నా, పీల్చినా వచ్చిన సందర్భాలు ఉన్నాయి. మనం ఏం చేస్తున్నాం? తలనొప్పి అనగానే బామ్ పూస్తాం, ముక్కు పట్టేసింది అనగానే నీలగిరి వేసి ఆవిరి పట్టిస్తాం. చాలా బామ్‌లలో ఉండేవి ఈ రెండే. సీసా మీద సన్నని అక్షరాలు చదవండి, లేదా ఇంట్లో చదువుకున్న పిల్లలతో చదివించండి. రోజ్‌మేరీ అనే కొత్త నూనెలోనూ కర్పూరం గుణం ఉన్నది. ఫిట్స్ వచ్చినవారు, ఫిట్స్ మాత్రల మీద ఉన్నవారు ఇందాక చెప్పిన అభ్యాసంలో సైతం నీలగిరిని వదిలేసి, దాని బదులు ఏలకి వంటి వంటింటి వాసన ఏదైనా పెట్టుకోవచ్చునా అని డాక్టరును అడిగి చేయాలి.

మేము చూసిన ఒక ఇంటి కథ చెబుతాము, పేర్లు ఎందుకు. ఇరవై రెండేళ్ళ అబ్బాయి, మోటార్ సైకిల్ మీద హెల్మెట్ లేదు. ఆపరేషన్ అయ్యి ప్రాణం దక్కింది. రెండు నెలల్లో గోడ పట్టుకొని నడుస్తున్నాడు, చెల్లెలిని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఒక అమ్మకందారు వచ్చి "మెదడు నరాలకు బలం" అని ఖరీదైన నూనె కట్ట అంటగట్టాడు. తలకు రోజుకు మూడుసార్లు రాయాలి, ఆవిరి పట్టాలి, ఇంగ్లీషు మాత్రలు వేడి చేస్తాయి కనుక తగ్గించాలి అన్నాడు. నూనె కొనడానికి మాత్రల డబ్బు పోయింది. తండ్రి దినకూలీ, పాపం. పెద్దలు "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అన్నారు. ఆ సామెత వేళాకోళానికి పుట్టింది, ఇక్కడ కన్నీళ్ళకు సరిపోయింది. పదిరోజులు తిరక్కముందే అర్ధరాత్రి ఫిట్స్, ఒకదాని వెనుక ఒకటి. మళ్ళీ ఆసుపత్రి. ఇప్పుడు మనిషి ఉన్నాడు, అల్‌హందులిల్లాహ్. కాని చెల్లెలి పేరు మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. నూనె వల్లనా, మాత్రలు మానడం వల్లనా అని డాక్టరును అడిగితే, రెండూ కావచ్చు, మాత్ర మానడం ఒక్కటే చాలు అన్నారు.

ఆ తండ్రిని మేము తప్పుపట్టము. కొడుకు కోసం ఏదైనా చేయాలనే ఆరాటం అది. మంచం పక్కన చేతులు కట్టుకొని కూర్చోవడం కంటే ఏదో ఒకటి రాయడం నయమనిపిస్తుంది. ఆ ఆరాటాన్ని సొమ్ము చేసుకునేవాడిది తప్పు. ఆ ఆరాటానికి సరైన దారి చూపకపోతే సంఘంగా మనదీ తప్పే.

కావున ఇంట్లో గోడకు అంటించుకోదగిన కొన్ని మాటలు:

1. డాక్టరు రాసిన మాత్ర ఒక్క పూట కూడా సొంతంగా మానవద్దు, తగ్గించవద్దు. యునానీ మందు వాడదలిస్తే ఆ సంగతి డాక్టరుకు, ఆ మాత్రల చీటీ హకీం సాబ్‌కు, ఇద్దరికీ చూపండి.

2. గాయం మీద, కుట్ల మీద, గొంతుకు అమర్చిన గొట్టం దగ్గర ఏ నూనె, ఏ అత్తరు రాయవద్దు.

3. ముక్కులో, చెవిలో నూనె పోయవద్దు. తలదెబ్బ తర్వాత ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్ళలాంటిది కారితే జలుబు అనుకోవద్దు. అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. మింగడం సరిగా రానివారికి ముక్కులో, నోట్లో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి జబ్బు చేస్తుంది.

4. సుగంధ తైలం ఏదీ తాగించవద్దు. నీలగిరి తైలం ఒక చిన్న చెంచాడు చాలు, పసిపిల్లల ప్రాణం మీదకు తేవడానికి. సీసాలు పిల్లల చేతికి అందనిచోట తాళం వేసి ఉంచండి.

5. చర్మానికి రాసేటప్పుడు ఒక టీ చెంచాడు కొబ్బరి నూనెకో, జైతూన్ నూనెకో ఒకటి రెండు చుక్కలు, అంతే. మొదట మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి. దద్దు, దురద వస్తే మానండి.

6. వాసన రోగి ఇష్టం. తలగాయం తర్వాత కొందరికి ఏ వాసనైనా తలనొప్పే. అటువంటప్పుడు అత్తరు, ఊదుబత్తి, పౌడరు అన్నీ ఆ గదికి దూరం పెట్టాలి. మాట రానివాడు ముఖం తిప్పుకుంటే అదే జవాబు. పరామర్శకు పోయేవారు కూడా నిండా అత్తరు పూసుకొని పోవద్దు.

7. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు, మత్తు, ఫిట్స్, ఒక పక్క బలహీనత కనబడినా నూనె వెతకవద్దు. బండి వెతకండి.

ధర సంగతి కూడా ఒక ముక్క. ఒక కిలో అసలు గులాబీ తైలానికి సుమారు 3,000 నుంచి 4,000 కిలోల పూలు కావాలి. లెక్కల మాస్టారును అడగనక్కరలేదు, యాభై రూపాయల సీసాలో గులాబీ ఎంత ఉంటుందో మీరే ఊహించండి. చందనం ధర పెరిగి, చాలా అత్తరులకు ఇప్పుడు పారాఫిన్ నూనే ఆధారం. బట్టలకు రాసుకోవడానికి అది సరే. రోగి చర్మానికి అది తగదు. వాసన అభ్యాసానికి డబ్బాలో లవంగాలు, ఒలిచిన నిమ్మతొక్క చాలు.

చివరగా సంఘానికి మా విన్నపాలు మూడు. ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతి తలగాయం రోగి ఇంటికి మొదటి వారంలోనే ఇద్దరు సభ్యులు పోయి మాత్రల చీటీ చూసి, ఏ మాత్ర ఏ పూటో ఉర్దూలో, తెలుగులో రాసి ఇవ్వాలి. మాత్రల ఖర్చు భరించలేని ఇంటికి నూనె, పండ్లు కాకుండా ఆ మాత్రలే కొని ఇవ్వాలి. సేవ చేసే భార్యకో, తల్లికో వారానికి ఒక పూట విశ్రాంతి దొరికేట్టు మన ఆపాలు వంతులు వేసుకొని కూర్చోవాలి. ఆ ఒక్క పూట నిద్ర ఆ తల్లికి అన్ని అత్తరులకంటే మేలు చేస్తుంది.

యువకులకు ఒకే మాట. హెల్మెట్ పెట్టుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతున్నది. చట్టం కోసం వద్దు, మీ అమ్మీ కోసం పెట్టుకోండి. దానికి పట్టీ కూడా ఉంటుంది, అది బిగించండి.

అత్తరు మన ఇళ్ళలో సంతోషానికి గుర్తు. కోలుకునే మనిషి మంచం దగ్గర కూడా అది సంతోషంగానే ఉండనివ్వండి. మాత్ర చేయవలసిన పని మాత్రను చేయనివ్వండి, ఓపిక చేయవలసిన పని మనం చేద్దాం. అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక.